రసీదు తర్వాత మాట

మన ఊళ్లలో చందా అడగడానికి ఒక పద్ధతి ఉండేది. నలుగురు కలిసి రసీదు పుస్తకం పట్టుకుని గడప గడపకూ వెళ్లేవారు. బడికి పైకప్పు వేయాలనో, గ్రంథాలయానికి బీరువాలు కొనాలనో చెప్పేవారు. ఇచ్చినాయన పేరు రాసుకుని, చీటీ చింపి చేతిలో పెట్టేవారు. ఆ తర్వాత ఆయన ఆ దారిన పోయినప్పుడల్లా ఆ పైకప్పు కనబడేది. డబ్బు ఏమైందని ఎవరినీ అడగనక్కర్లేదు. వానకు ఆ కప్పు కారినా ఆయనకు తెలిసిపోయేది. వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలకు ఇలా కళ్లెదుట పెరిగిన నమ్మకమే అండ.

ఇప్పుడు ఇచ్చే చేయి ఒకచోట, జరిగే పని ఇంకోచోట. డల్లాస్‌లో ఉద్యోగం చేసే అమ్మాయి పంపిన డబ్బు పాడేరు కొండల్లో బడిపిల్లల పుస్తకాలవుతుంది. కూకట్‌పల్లిలో ఒక ఇల్లాలు పంపిన ఐదు వందలు ఆదిలాబాద్ గూడెంలో మందులవుతాయి. దారిన పోతూ చూసే పైకప్పు లేదు. ఆ లోటు ఫోను తెర తీర్చాలి. స్వచ్ఛంద సంస్థలు ఆన్‌లైన్ సాధనాలను ఎలా వాడుకోవాలన్న ప్రశ్న అసలు ఇక్కడ మొదలవుతుంది. పదిహేనేళ్లుగా ఈ ప్రశ్న చుట్టూ పరిశోధనలు జరిగాయి, కొత్త సాధనాలు వచ్చాయి, చట్టాలు మారాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే నాకు ఒక విషయం స్పష్టంగా కనిపిస్తోంది. ఈ సాధనాలు అడగడాన్ని ఎంతో సులువు చేశాయి. పని జరిగాక తిరిగి వచ్చి చెప్పడం మాత్రం ఇప్పటికీ మనుషులే చేయాల్సిన పని. సంస్థకు అండ నిలిచేదీ జారిపోయేదీ అక్కడే.

లైకు దగ్గరే ఆగిపోయినవారు

సామాజిక మాధ్యమాలు వచ్చిన కొత్తలో ఆశలు ఆకాశాన్ని అంటాయి. లక్షల మంది ఒక్క మీటతో ఒక ఆశయానికి మద్దతు తెలుపుతుంటే, అందులో కొందరైనా చేయి కలపరా అనుకున్నారు. ఆ ఆశను లెక్కకట్టి చూసిన అధ్యయనం ఒకటి 2014లో వెలువడింది. సూడాన్‌లోని డార్ఫుర్ బాధితుల కోసం ఫేస్‌బుక్‌లో నడిచిన ప్రచారంలో సుమారు 12 లక్షల మంది చేరారు. వారిలో 99.76 శాతం మంది ఒక్క డాలరూ ఇవ్వలేదు. 72 శాతం మంది ఇంకొకరిని కూడా చేర్చలేదు. మొత్తం పోగైనది 91 వేల డాలర్లకు అటూ ఇటూ. చేరినవారు మనసు లేనివారని దీనర్థం కాదు. చేరిన తర్వాత ఏం చేయాలో వారిని ఎవరూ వేలు పట్టుకుని నడిపించలేదు.

అదే ఏడాది కెనడా పరిశోధకులు మరో కోణం చూపారు. తొలి మద్దతును నలుగురికీ కనబడేలా తెలిపినవారి కంటే, ఎవరికీ తెలియకుండా తెలిపినవారే తర్వాత అసలు సాయానికి ఎక్కువగా ముందుకొచ్చారు. కుడి చేయి ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదని పెంచిన మన ఇళ్లకు ఈ మాట కొత్త కాదు. అందరిముందూ మెడలో బ్యాడ్జీ వేసుకున్నవారికి పేరు అప్పుడే వచ్చేసింది, ఇక చేయాల్సింది మిగలలేదన్న తృప్తి కలుగుతుంది. గుప్తంగా ఇచ్చినవారికి ఆ ఆశయంతో లోపల ఒక ముడి పడుతుంది. అందుకే దాతను ట్యాగ్ చేసి పొగిడే పోస్టు కంటే, ఆయనకు విడిగా రాసే రెండు వాక్యాల ఉత్తరం ఎక్కువ పని చేస్తుంది.

మరి సంస్థలు ఏం మాట్లాడుతున్నాయి? అమెరికాలోని 100 పెద్ద స్వచ్ఛంద సంస్థల ట్వీట్లను పరిశీలించిన 2012 నాటి అధ్యయనం వాటిని మూడు కుప్పలుగా పోసింది. సమాచారం చెప్పేవి దాదాపు 59 శాతం, మనుషులతో మాట కలిపేవి సుమారు 26 శాతం, ఏదో ఒక పని చేయమని పిలిచేవి 16 శాతం లోపు. అంటే సగానికి పైగా కరపత్రాలే. మన సంస్థల పేజీలు తెరిచి చూసినా ఇదే తీరు కనిపిస్తుంది. ముఖ్య అతిథి, దుప్పట్ల పంపిణీ, బ్యానర్ ముందు గ్రూపు ఫొటో. చూసేవాడు ఏం చేయాలో, వాడి మాట ఎవరు వింటారో ఎక్కడా ఉండదు.

రెండు బకెట్లు

2014 వేసవిలో తలమీద చన్నీళ్లు గుమ్మరించుకునే ఐస్ బకెట్ ఛాలెంజ్ ప్రపంచమంతా పాకింది. ఏఎల్‌ఎస్ అనే నరాల జబ్బు కోసం పనిచేసే అమెరికా సంస్థకు కొద్ది వారాల్లోనే 11.5 కోట్ల డాలర్లు చేరాయి. అదే ఆగస్టులో హైదరాబాద్ జర్నలిస్టు మంజులత కళానిధి దాన్ని మన నేలకు తగ్గట్టు మార్చారు. నీళ్లు పారబోయడం ఎందుకు, అవసరమైనవారికి ఒక బకెట్ బియ్యం ఇవ్వండి, ఫొటో పెట్టి మరొకరిని పిలవండి అన్నారు. రైస్ బకెట్ ఛాలెంజ్ పేరుతో అది దేశం దాటి వెళ్లింది.

ఈ రెండింటి నుంచి నేర్చుకోవాల్సిన పాఠాలు వేరు వేరు. బియ్యం బకెట్ గెలుపు దాని కొలతలో ఉంది. చేయాల్సిన పని చిన్నది, ఎవరి వాడలో వారు చేయగలిగింది, మధ్యలో సంస్థ కూడా అక్కర్లేనిది. పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటున్న ఇళ్లకు అది వెంటనే అర్థమైంది. ఐస్ బకెట్‌లో చెప్పుకోదగ్గది ఆ తర్వాతి కథ. ఆ డబ్బు తోడ్పాటుతో జరిగిన పరిశోధనలో ఎన్‌ఈకే1 అనే జన్యువుకు ఆ జబ్బుతో సంబంధం ఉందని తేలినట్టు 2016లో ఆ సంస్థ ప్రకటించింది. అంతకు రెండేళ్ల ముందు సరదాగా నీళ్లు పోసుకుని పది డాలర్లు ఇచ్చినవారికి తమ డబ్బు ఎక్కడికి చేరిందో తెలిసింది. సందడి ఎప్పుడో సద్దుమణిగింది. అయినా జవాబు వెళ్లింది.

ఉత్తరాల కాలంలోనూ ఇలా జవాబు చెప్పే పని జరిగింది. 1969లో అనంతపురం చేరిన స్పెయిన్ సేవకుడు విన్సెంట్ ఫెర్రర్ నాటిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు స్పెయిన్‌లోని వేలాది కుటుంబాలు అండగా నిలిచాయి. ఆ అనుబంధాన్ని నిలిపినవాటిలో ఇక్కడి పిల్లలకూ అక్కడి ఇళ్లకూ మధ్య నడిచిన ఉత్తరాలు ముఖ్యమైనవి. మధ్యలో అనువాదం చేయాలి, వారాలు ఆగాలి. అంత కష్టపడి అప్పుడు అందించిన మాటను ఇప్పుడు క్షణంలో అందించగలం. అందిస్తున్నామా అన్నదే ప్రశ్న.

వాట్సాప్: దగ్గరితనం, దాని హద్దులు

తెలుగు నేల మీద పనిచేసే సంస్థకు మొదటి సాధనం వాట్సాప్. చదువు తక్కువైనవారూ వాయిస్ మెసేజ్ వింటారు, పంపుతారు. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో తన సేవలను కూడా అందులోకి తెచ్చింది. అయితే వాట్సాప్ అంటే గ్రూపు ఒక్కటే అనుకోవడం దగ్గర చాలా సంస్థలు పొరబడుతున్నాయి.

గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. కానీ అందులో అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. ఒక మహిళ సదుద్దేశంతో చేరితే, ముక్కూ మొహం తెలియనివారి నుంచి ఆమెకు ఫోన్లు రావచ్చు. పైగా శుభోదయాలు, పండగ బొమ్మలు, రాజకీయాలు చేరి అసలు కబురు కిందికి జారిపోతుంది. కలిసి పనిచేసే ఇరవై ముప్పై మంది కార్యకర్తలకు గ్రూపు మంచిది. అంతకు మించితే బ్రాడ్‌కాస్ట్ జాబితా మేలు. ఒక్కో జాబితాలో 256 మంది ఉండొచ్చు, ఎవరి నంబరూ మరొకరికి కనబడదు, జవాబు నేరుగా సంస్థకే వస్తుంది. దాని మెలిక ఒకటుంది. సంస్థ నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి రసీదు ఇచ్చేటప్పుడే, ఈ నంబరు సేవ్ చేసుకోండి, మీ డబ్బు ఏమైందో దీనినుంచే చెబుతాం అని అడగాలి. 2023లో వచ్చిన ఛానెళ్లు ఎంతమందికైనా చేరుతాయి, నంబర్లు దాస్తాయి. కానీ అక్కడ ప్రధానంగా సంస్థే మాట్లాడుతుంది, ఎదుటివారు బదులు చెప్పే వీలు తక్కువ. ఛానెల్ చాటింపుకు పనికొస్తుంది, ముచ్చటకు కాదు.

ఫార్వర్డుల విషయంలోనూ జాగ్రత్త కావాలి. పుకార్లు ప్రాణాలు తీసిన తర్వాత 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చోట్లకే ఫార్వర్డ్ చేసే హద్దు వచ్చింది. 2020లో, ఎన్నోసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపేలా బిగించారు. చేతులు మారిన కబురు మీద జనానికి అనుమానం ఎక్కువ. ఫలానా ఊళ్లో పనిచేసే కార్యకర్త తన గొంతుతో చెప్పిన నలభై సెకన్ల మాటకు ఉన్న నమ్మకం దానికి రాదు.

క్యూఆర్ ఇచ్చిన సుఖం, తెచ్చిన చిక్కు

2016లో యూపీఐ వచ్చాక దానం చేతివేలి దూరంలోకి వచ్చింది. కరపత్రం మీద క్యూఆర్ చతురస్రాన్ని ముద్రిస్తే చాలు. 2020లో మొదలైన, నెలనెలా డబ్బు దానంతటదే చేరే ఆటోపే వల్ల నెలకు వంద రూపాయలిచ్చే దాతను కూడా సంస్థ నమ్ముకోవచ్చు. ఏడాదికోసారి పెద్దమొత్తం ఇచ్చే ఒక్కరి కంటే, నెలనెలా వందిచ్చే వందమంది సంస్థకు గట్టి పునాది.

కానీ ఈ సౌకర్యం ఒక ముడిని తెంపింది. రసీదు పుస్తకంలో పేరు, ఊరు రాసుకునేవారు. క్యూఆర్ ద్వారా వచ్చిన డబ్బు వెంట ఒక పేరు, ఒక లావాదేవీ సంఖ్య తప్ప ఏమీ రావు. ఆ పేరు వెనక ఉన్న మనిషి ఎవరో తెలియదు, కృతజ్ఞత చెప్పే దారి లేదు. చట్టం వైపు నుంచీ చిక్కే. వివరాలు లేని విరాళాలు సేవా ట్రస్టులకు ఒక హద్దు దాటితే, వాటిపై 30 శాతం పన్ను పడుతుంది. దాతలంతా 80జి అని పిలుచుకునే మినహాయింపు ధ్రువపత్రం ఇవ్వాలంటే వారి పేరు, చిరునామా, పాన్ వివరాలతో సంస్థ ఆదాయపు పన్ను శాఖకు నివేదిక ఇవ్వాలి. రెండు వేలు దాటిన నగదుకు ఆ మినహాయింపు లేదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగులకైతే అసలే వర్తించదు. అంటే పన్ను ఆశ చూపి అడిగే రోజులు తగ్గుతున్నాయి. పని మీద నమ్మకంతోనే అడగాలి.

పరిష్కారం కష్టమైనది కాదు. క్యూఆర్ పక్కనే ఒక ఫోను నంబరు వేసి, డబ్బు పంపాక మీ పేరు, ఊరు ఇక్కడికి పంపండి, జవాబు మేమిస్తాం అని రాయాలి. ఆ క్యూఆర్ సంస్థ ఖాతాదే కావాలి. కార్యదర్శి సొంత ఖాతాకు డబ్బు తెప్పించడం ఎంత నిజాయితీపరుడైనా చేయకూడని పని. నీతి ఆయోగ్ నడిపే ఎన్‌జీవో దర్పణ్‌లో నమోదు సంఖ్య, ఏటా లెక్కల నివేదిక వెబ్‌సైటులో మొదటి పేజీలోనే కనబడాలి.

కౌలు చేనులో బావి

ఫేస్‌బుక్ పేజీకి లక్ష మంది ఉన్నారని మురిసిన సంస్థలకు 2018 జనవరిలో కంపెనీ ఒక మాట చెప్పింది. ఇకపై స్నేహితులు, బంధువుల పోస్టులకే ముందు చోటు, పేజీల పోస్టులు తక్కువ కనబడతాయని. ఏళ్ల తరబడి కూడగట్టిన శ్రోతలు రాత్రికి రాత్రి దూరమయ్యారు. కౌలు చేనులో బావి తవ్వుకున్న రైతుకు ఈ బాధ తెలుసు. శ్రమ మనది, నీళ్ల మీద హక్కు మనది కాదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ కొత్తవారికి పరిచయం కావడానికి అవసరమే. అక్కడ కలిసినవారిని సంస్థ సొంత జాబితాలోకి, అంటే ఫోను నంబరు, ఈమెయిల్, వెబ్‌సైటు దాకా తెచ్చుకున్నప్పుడే ఆ పరిచయం నిలుస్తుంది.

ఈమెయిల్ పాతబడిందని మనవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. విదేశాల్లో ఉన్న తెలుగువారికీ, కంపెనీల సామాజిక బాధ్యత విభాగాలకూ అదే ఇప్పటికీ రాజమార్గం. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి గూగుల్, యాహూ షరతులు పెట్టాయి. పంపేది నిజంగా ఆ సంస్థేనని సాంకేతికంగా రుజువు చేయాలి, వద్దనుకున్నవారు ఒక్క నొక్కుతో తప్పుకునే వీలుండాలి. దీన్ని భారంగా చూడకూడదు. వద్దన్నవారిని వెంటనే వదిలేసే సంస్థను ఉన్నవారు మరింత గౌరవిస్తారు.

తెలుగుకు సంబంధించిన లోపం ఒకటి నన్ను తరచూ బాధిస్తుంది. అను ఫాంట్లలో కంపోజ్ చేసిన కరపత్రాన్ని బొమ్మగా మార్చి పెడుతుంటాం. ఆ బొమ్మలోని అక్షరాలను చూపులేనివారి స్క్రీన్ రీడర్ సరిగా చదవలేదు, వెతికితే దొరకవు. చూపులేని పిల్లల కోసం పనిచేసే సంస్థ పిలుపు చూపులేనివారికే చేరకపోవడం ఎంత అన్యాయం! బొమ్మ కింద అదే మాటను యూనికోడ్ తెలుగులో రాయడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

డబ్బు కాకుండా అడగగలిగినవి

అండగా ఉండేవారందరినీ డబ్బు సంచులుగా చూస్తే వారు త్వరగా అలసిపోతారు. 2017 అక్టోబరులో ఫేస్‌బుక్ మన దేశంలో రక్తదాతలను కలిపే సదుపాయం తెచ్చింది. అడిగింది డబ్బు కాదు, ఒక పూట సమయం, కొంత రక్తం. అంతకు ముందు నుంచీ నడుస్తున్న గొప్ప ఉదాహరణ తెలుగు వికీపీడియా. 2003లో మొదలైంది, జీతం లేని చేతులతో పెరిగింది. కొత్తగా చేరినవారి చర్చా పేజీలో ఒక పాత సభ్యుడి స్వాగతం కనబడుతుంది. చేసిన ప్రతి మార్పూ వారి ఖాతా పేరుతో చరిత్రలో నిలిచి ఉంటుంది. మీరు చేసిన పని ఇదిగో, ఇక్కడ ఉంది అని చూపించడమే వారిని మళ్లీ రప్పిస్తుంది. అనువాదం, పాఠాలు చదివి రికార్డు చేయడం, వారానికో గంట ఫోనులో లెక్కలు చెప్పడం వంటివి ఇంట్లో కూర్చుని చేయగలిగినవారు మనలో ఎందరో. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వారిని ఆ పని అడిగినవారే తక్కువ.

వరద వచ్చిన రాత్రి

విపత్తుల్లో ఈ సాధనాల బలమూ బలహీనతా ఒకేసారి బయటపడతాయి. 2018 ఆగస్టు కేరళ వరదల్లో కేరళరెస్క్యూ సైటు ద్వారా వేలాది సాయపు అభ్యర్థనలు నమోదయ్యాయి. దేశదేశాల్లో ఉన్న స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్కరికీ ఫోను చేసి నిర్ధారించుకుని, వివరాలను రక్షణ బృందాలకు అందించారు. 2021 కరోనా ఉధృతిలో ఆక్సిజన్ కోసం దేశమంతా ట్విట్టర్ మీద పడింది. ఆ రెండు సందర్భాల్లోనూ ఒకే చిక్కు వచ్చింది. ఒడ్డుకు చేరినవారి కోసం, సిలిండర్ దొరికినవారి కోసం వేడిన సందేశాలు ఆ తర్వాతా తిరుగుతూనే ఉన్నాయి. సాయం అందింది, ఇక పంపవద్దు అన్న చిన్న మాట లేకపోవడం వల్ల ఇంకో ప్రాణానికి దక్కాల్సిన సమయం పోయింది. తారీఖు, సమయం లేని పిలుపు పంపకూడదు, పని అయ్యాక మూసివేయని పిలుపు వదలకూడదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు టవర్లు కూలి ఫోన్లే మూగబోయాయి. ఆన్‌లైన్ జాబితా ఎంత బాగున్నా, వాడవాడలో నడిచి వెళ్లగల మనిషి పేరు కాగితం మీద కూడా ఉండాలని ఆ తుపాను నేర్పింది.

ఫొటోలోని బిడ్డ

లెక్కల కంటే ఒక్క ముఖం ఎక్కువ కదిలిస్తుంది. 2007లో ముగ్గురు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో ఆకలి గణాంకాలు చదివినవారు సగటున 1.14 డాలర్లిచ్చారు. మాలి దేశపు ఏడేళ్ల పాప రోకియా కథ చదివినవారు 2.38 డాలర్లిచ్చారు. రెండూ కలిపి చెబితే 1.43కి పడిపోయింది. ఈ ఫలితం తెలిసిన ప్రతి సంస్థా ఒక బిడ్డ ముఖం కోసం వెతుకుతుంది. ప్రమాదం అక్కడే పొంచి ఉంది.

పుట్టినరోజును అనాథాశ్రమంలో జరుపుకోవడం మన నగరాల్లో మంచి అలవాటుగా మారింది. కేకు పక్కన వరసగా నిలబెట్టిన పిల్లల ఫొటోలు వెంటనే ఫేస్‌బుక్‌కు ఎక్కుతాయి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్, రక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని నేరంగా చెబుతుంది. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉండొచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ పిల్ల రేపు కాలేజీకి వెళ్లినప్పుడు తన పేరు వెతికితే ఏం కనబడాలి? దుప్పటి అందుకుంటున్న చేయి, పంతులమ్మ మాట, పిల్లలు గీసిన బొమ్మ, కట్టిన గది చాలు. ముఖం చూపకుండా కదిలించడం రాతలో నేర్పు. ఆ నేర్పు సంపాదించుకోవడం మన బాధ్యత.

దూరదేశాలవారు, దాచుకున్న నంబర్లు

తానా, ఆటా, నాట్స్ లాంటి అమెరికా తెలుగు సంఘాలు వేదికలుగానూ, విడివిడిగానూ విదేశాల తెలుగువారు సొంతూళ్లకు ఎంతో పంపుతున్నారు. ఆన్‌లైన్‌లో అడిగే సంస్థ వారికి ముందే చెప్పాల్సిన తేడా ఒకటుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక ఇస్తే, భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద అనుమతి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే చేరాలి. విరాళం పేజీలో, మీరు ఏ దేశ పౌరులు అన్న ఒక్క ప్రశ్న పెడితే ఇద్దరికీ ఇబ్బంది తప్పుతుంది.

దాతల నంబర్లు కూడా ఇచ్చిన సొమ్ములాంటివే, నమ్మి అప్పగించినవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలుగు సహా రాజ్యాంగ గుర్తింపు ఉన్న 22 భాషల్లో కోరినదానిలో చదివే వీలుండాలనీ, ఇచ్చినంత సులువుగా అనుమతిని వెనక్కి తీసుకోగలగాలనీ అది చెబుతోంది.

కప్పు కారినా చెప్పాలి

ఇన్ని సాధనాలు చూశాక చిన్న సంస్థ కంగారు పడనక్కర్లేదు. ముగ్గురు కార్యకర్తలున్న సంస్థకు ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితా, లెక్కలు కనబడే ఒక వెబ్‌పేజీ, దాతల పేర్లు రాసుకున్న ఒక పట్టిక చాలు. విరాళం అందిన రెండు రోజుల్లో పేరు పెట్టి కృతజ్ఞత. మూడు నెలలకోసారి పని జరిగిన చోటు నుంచి ఒక గొంతు. మళ్లీ డబ్బు అడిగే ముందు కనీసం రెండుసార్లు ఏమీ అడగకుండా కబురు.

ఆ కబురులో ఓటమికీ చోటుండాలి. బోరు వేశాం, మూడు వందల అడుగుల దాకా దించినా నీళ్లు పడలేదు, మీ డబ్బులో ఇంత అందులో పోయింది, ఇప్పుడు పాత బావి పూడిక తీయిస్తున్నాం అని రాయడానికి ధైర్యం కావాలి. ఆ ఉత్తరం చదివిన దాతకు పాడేరు కొండా ఆదిలాబాద్ గూడెమూ తన వీధి చివరకు వచ్చినట్టుంటాయి. ఊళ్లో పైకప్పు వేయించిన పెద్దాయన దాన్ని నమ్మింది అది ఎప్పుడూ కారనందుకు కాదు, కారినప్పుడు కూడా తన కళ్లకు కనబడినందుకు.